నా పేరు మీద తొమ్మిది

జూలై 14, సోమవారం

ఈ రోజు పదకొండున్నరకు సెంటర్‌కి పోలీసులు వచ్చారు. ఇద్దరు. పిల్లలు అప్పుడే అన్నానికి వరసగా కూర్చున్నారు. పెద్దాయన చొక్కా మీద ప్రభాకరరావు అని ఉంది. హెడ్ కానిస్టేబుల్.

"శ్రీదేవి అంటే ఎవురమ్మా?"

"నేనే సార్. అంగన్‌వాడీ టీచర్ని."

ఒక ఫోన్ నంబరు చదివాడు. నీదేనా అన్నాడు. కాదన్నాను. నాకు ఒకటే నంబరు ఉంది, అది కాదు.

"నీ ఆధార్ మీద తీసినారు. వేలిముద్ర నీది. ఫోటో కూడా నీదేనమ్మా, చూడు."

కాగితం చూపించాడు. అందులో నేనే. నీలం చీర, మెడలో నల్లపూసలు. కెమెరా వైపు కాకుండా పక్కకి చూస్తున్నాను. వెనక గోడ ఏదో ఉంది. జిరాక్స్ మసకగా ఉంది కాబట్టి గోడ సరిగా తెలియలేదు.

ఆ నంబరుతో ఎవరో ఒక ఆడపిల్లను ఏడిపించారట. 28వ తేదీ స్టేషన్‌కి వచ్చి చెప్పమని నోటీసు ఇచ్చి, సంతకం పెట్టించుకుని వెళ్ళారు.

"ఏందంట టీచరమ్మా?" అని ఆయా వీరమ్మ అడిగింది.

"ఏదో ఫోన్ నంబరంట."

గుడ్లు పంచాను. పదహారు.

పాత హాజరు పట్టీలో వెనక కాగితాలు మిగిలిపోయాయి. వాటిలో రాస్తున్నాను. ఇది పై ఆఫీసుకి పంపేది కాదు.

జూలై 15

ఈ సంవత్సరం నేను వేలు ఎక్కడెక్కడ పెట్టాను? రేషన్ దగ్గర ప్రతి నెలా పెట్టాను. బ్యాంకులో ఒకసారి. పొదుపు సంఘం వాళ్ళు వచ్చినప్పుడు ఒకసారి. సచివాలయంలో రెండుసార్లు, నాయన పింఛను పని మీద వెళ్ళినప్పుడు. మార్కాపురంలో గ్యాస్ ఆఫీసులో కూడా పెట్టినట్టు గుర్తు, పెట్టలేదేమో కూడా.

సతీష్ కొట్లో పెట్టాను. వాడు నా తమ్ముడు, అది ఇందులోకి రాదు.

జూలై 17

మా ఆయన కోయంబత్తూరు నుంచి ఫోన్ చేశారు. బత్తాయి లోడు దించడానికి ఇంకా రెండు రోజులు పడుతుందట. పోలీసుల సంగతి చెప్పలేదు.

జూలై 19, శనివారం

గిద్దలూరు వెళ్ళాను. సెల్‌ఫోన్ల పనికి మన ఇంట్లోనే మనిషి ఉండగా బయటివాళ్ళను అడగడం ఎందుకని.

సతీష్ కొట్టు బజారులో ఉంది. సిమ్ములు, రీఛార్జీలు, ఫోన్ రిపేర్లు. పెట్టి ఆరేళ్ళయింది. అమ్మ చనిపోయినప్పుడు వాడికి ఆరేళ్ళు, నాకు పదిహేను. నాయన పొద్దున్నే పలకల గనికి పోయేవాడు. వాడికి స్నానం, తల దువ్వడం, బడి, అన్నీ నేనే చూశాను. పరీక్షలో సున్నా వచ్చినా నాకే చూపించేవాడు, నాయనకు చూపించేవాడు కాదు.

చెప్పింది విని కాసేపు రిపేరు చేస్తున్న ఫోనే చూస్తూ కూర్చున్నాడు.

"ఎవుడో నీ ఆధార్ జిరాక్స్ కొట్టేసినాడక్కా. ఈ మధ్య ఇట్లాంటివి శానా జరుగుతాండాయి."

"జిరాక్స్ మీద వేలిముద్ర ఉండదు కదరా?"

"ఇప్పుడు అవి కూడా తీస్తాండారు. ఫోన్ ఇట్లియ్."

నా ఫోన్‌లో ఏదో ప్రభుత్వ సైటు తెరిచాడు. నా నంబరు కొట్టి, వచ్చిన ఓటీపీ వేశాడు. మన పేరు మీద ఎన్ని నంబర్లు ఉన్నాయో అందులో కనబడతాయట. తొమ్మిది ఉన్నాయి. ఒక మనిషికి తొమ్మిదికి మించి ఇవ్వరట. ఇంకొకటి తీసుకోవడానికి కూడా నాకు చోటు లేదు.

నాది తప్ప మిగతా ఎనిమిదింటి మీదా 'నాది కాదు' అని నొక్కుకుంటూ పోయాడు. చాలా త్వరగా నొక్కాడు.

"పోలీసులకు చెప్పకుండా తీసెయ్యొచ్చా?"

"పీడ పోతాది కదక్కా. ఇంకేంది?"

వాడి చేతులకు చెమట పట్టింది. ఫ్యాన్ ఉంది కాని కరెంటు లేదు.

సుస్మిత అన్నం పెట్టింది. గోంగూర పప్పు. "వదినా, ఇంకొంచెం ఏసుకో" అంది. తిన్నాను. కంభం మీదుగా వచ్చే బస్సులో నిద్రపోయాను. దిగాల్సిన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచాను.

జూలై 20

తొమ్మిది.

జూలై 22

ఆయన వచ్చారు. అన్నీ చెప్పాను. అన్నం కలుపుతూ విన్నారు.

"నీ తమ్ముణ్ణి అడిగితివా?"

"వాడే అన్నీ తీసేశాడు."

"వాడే తీసేసినాడా?" అన్నారు. లారీ తోలేవాళ్ళు ఎక్కువ మాట్లాడరు.

జూలై 28, సోమవారం

స్టేషన్‌కి వెళ్ళి వచ్చాను. బల్ల మీద కూర్చోబెట్టారు. ప్రభాకరరావు గారు మర్యాదగానే అడిగారు.

"సిమ్ము తీసిన తేదీ మార్చి పదకొండు. ఆ రోజు యాడికి పోయినావమ్మా?"

"గుర్తులేదు సార్."

"కొత్త సిమ్ము గాని, పోయిన సిమ్ముకు బదులు గాని ఏమన్నా తీసుకొంటివా?"

"గుర్తులేదు."

"మొన్న ఎనిమిది నంబర్లు ఒక్కసారే నాది కాదని పెట్టినావే. ఎవురు చెప్పినారు నీకు?"

"సైటులో ఉంటుందని తెలిసింది సార్."

ఆయన రాసుకున్నారు. నేను సంతకం పెట్టాను. రిజిస్టర్లలో ఒక్క తప్పు కూడా రాయనని మా సూపర్‌వైజర్ మీటింగులో అందరి ముందు చెబుతుంది. ఈ రోజు రాసిన దానిలో కూడా దిద్దుబాట్లు లేవు.

నాకు నిజంగానే గుర్తులేదు. మార్చిలో నాయన ఆసుపత్రిలో ఉన్నాడు. ఏ రోజు ఏం చేశానో ఎవరికి గుర్తుంటుంది?

ఆగస్టు 6, బుధవారం

ఆమె వచ్చింది.

పదిన్నర అయి ఉంటుంది. పిల్లలకు రంగులు చెబుతున్నాను. గుమ్మం దగ్గర ఒకామె నిలబడింది. యాభై ఏళ్ళు ఉంటాయేమో. గొడుగు మడిచి చంకలో పెట్టుకుంది. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చింది.

"శ్రీదేవి అంటే నువ్వేనా?"

"అవునమ్మా. మీరు?"

"నా పేరు రోజీ. మాది దొనకొండ. నీ ఫోన్ నుంచి ఫోటోలు వచ్చినాయే, ఆ పిల్ల తల్లిని."

వీరమ్మ పిల్లల్ని వెనక గదిలోకి తీసుకుపోయింది. ఆమెను కుర్చీలో కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నేను మిషను కుట్టుకుంటా. ఒక్కతే పిల్ల. ఒంగోలులో నర్సింగు చదువుతాంది. దాని మొహం తీసుకపోయి బట్టల్లేని ఎవురో ఒంటికి తగిలించి దానికే పంపినారు. అడిగినంత ఇయ్యకపోతే అందరికీ పంపుతామన్నారు. అది భయపడి ఎవురికీ చెప్పలా. అందరికీ పంపినారు. దాని క్లాసోళ్ళకు, నాకు, మా సంఘం పాస్టరుగారికి. ఇంటికొచ్చి గదిలో పండుకుంది. రెండు నెల్లాయె. నాతో కూడా మాట్లాడదు."

కుర్చీ ఆమె వైపు ఇంకొంచెం జరిపాను.

"స్టేషన్లో కాగితం మీద నీ పేరు చూసినా. శ్రీదేవి. ఆడ పేరు. నీ ఫోటో కూడా చూసినా. ఈమె కూడా ఆడదే కదా, ఎట్ల చేయబుద్ధయింది అనుకున్నా. మొహం చూసి పోదామని వచ్చినా."

"ఆ నంబరు నాది కాదమ్మా. నా పేరు మీద ఎవరో తీశారు."

"ఎవురు?"

"తెలియదు."

ఆమె చాలాసేపు నా మొహం వైపు చూసింది. తిట్టలేదు. తిట్టడానికే వచ్చి ఉంటుంది. తిట్టలేదు.

"నీ వేలు నీ చేతికే ఉండాది కదమ్మా," అంది. "నీకు తెలీకుండా ఎట్ల పోతాది?"

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. వీరమ్మ మంచినీళ్ళు తెచ్చేసరికి బస్టాపు మలుపు తిరిగింది.

ఆగస్టు 7

పిల్లలు పద్నాలుగు. గుడ్లు పద్నాలుగు.

ఆగస్టు 8

పిల్లలు పదిహేను.

ఆగస్టు 12

ఊళ్ళో తెలిసిపోయింది. వీరమ్మ చెప్పి ఉండదు. పోలీసు మోటారు సైకిలే చెప్పి ఉంటుంది. టీచరమ్మ పేరుతో బూతు ఫోటోలు పంపినారంట అని ఒకరు. టీచరమ్మే పంపిందంట అని ఇంకొకరు. ఇద్దరు తల్లులు పిల్లల్ని పంపడం మానేశారు. సూపర్‌వైజర్ ఫోన్ చేసి, "తొందరగా తేల్చుకో శ్రీదేవీ, పైదాకా పోతే నీ ఉద్యోగానికే ఇబ్బంది" అంది.

సతీష్‌కి ఫోన్ చేసి ఆమె వచ్చిన సంగతి చెప్పాను. "నీకేం కాదక్కా, నువ్వు ధైర్యంగా ఉండు" అన్నాడు. ఫోన్ ఎవరు ముందు పెట్టేశారో గుర్తులేదు.

ఆగస్టు 20, బుధవారం

తల్లుల మీటింగు. ఈసారి ఏం చెప్పాలో పై నుంచి కాగితం రాలేదు. నేనే సిమ్ముల గురించి చెప్పాను. మన పేరు మీద ఎన్ని ఉన్నాయో ఫోన్‌లోనే చూసుకోవచ్చని చెప్పి, ముగ్గురికి చూసి పెట్టాను. ఒకామె పేరు మీద నాలుగు ఉన్నాయి. ఆమె నవ్వింది. తరువాత నవ్వలేదు.

"కొట్లో వేలు పెట్టమంటారు. పడలేదు, మళ్ళీ పెట్టు అంటారు. ప్రతిసారీ పడుతూనే ఉంటుంది. ఒక్కొక్కసారికి ఒక్కొక్క సిమ్ము. పడలేదంటే, ఏం వచ్చిందో తెర మన వైపు తిప్పమనండి," అని చెప్పాను.

చెబుతూ ఉంటే, ఇది నాకు ఎవరు చెప్పారు అనిపించింది. ఎవరూ చెప్పలేదు.

వీరమ్మ అడిగింది. "నీకట్ల పడలేదని చెప్పింది ఎవురు తల్లీ?"

అందరూ నా వైపు చూశారు.

"ఎవరో. గుర్తులేదు," అన్నాను.

ఆగస్టు 25, సోమవారం

సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు మాధవి దగ్గరకు వెళ్ళి ఆధార్‌లో నా వేలిముద్రలకు తాళం వేయించాను. ఇక నేను తాళం తీస్తే తప్ప నా వేలు ఎక్కడా పడదు. రేషన్ తీసుకునే రోజు తీసి మళ్ళీ వేసుకోవాలి. కష్టమేమీ కాదు, రెండు నిమిషాల పని.

"మీ ఆధార్ యాడ యాడ వాడినారో ఆర్నెల్లది చూడొచ్చు మేడమ్. తీయమంటారా?" అంది మాధవి.

వద్దని నోటి దాకా వచ్చింది. తీయమన్నాను.

తీసింది. ప్రింటు చేసి ఇచ్చింది. ఆ అమ్మాయి అందులో ఏముందో చదవలేదు, వెనక చాలామంది నిలబడి ఉన్నారు.

మార్చి 11, మంగళవారం. 11.42. 11.47. 11.51. 11.58. 12.04. 12.11. 12.17. 12.25. 12.31. తొమ్మిదీ సిమ్ కంపెనీలవే. తొమ్మిదింటి ఎదురుగానూ 'సఫలం' అని ఉంది.

ఒక్కసారి కూడా పడకుండా పోలేదు.

ఆగస్టు 26

మార్చి 11న నేను సతీష్ కొట్లో ఉన్నాను. నా సిమ్ము పాడైపోయింది. ఆసుపత్రిలో నాయన దగ్గర ఫోన్ లేకుండా ఎట్లా అని, నాయనను మా ఆయనకు అప్పజెప్పి ఉదయమే గిద్దలూరు వెళ్ళాను. నీలం చీర కట్టుకున్నాను. కొట్టు గోడ చిలకాకుపచ్చ రంగు. ఆ రంగు వాడే ఎంచి వేయించాడు. ఫోటోలో కూడా ఆ గోడే. మసకగా ఉన్నా ఆ గోడే. మొదటి రోజే తెలుసు.

"పడలేదక్కా, మళ్ళీ పెట్టు."

"అంట్లు తోమీ తోమీ అరిగిపోయినాయిరా."

"ఒకసారి తుడుచుకో. ఆ. మళ్ళీ పెట్టు."

మధ్యలో టీ తెప్పించాడు. బజ్జీలు కూడా.

ఆగస్టు 27

వినాయక చవితి. సెంటర్‌కి సెలవు. ఉండ్రాళ్ళు చేశాను. ఆయన రెండు తిన్నారు.

సెప్టెంబరు 2, మంగళవారం

గిద్దలూరు వెళ్ళాను. సతీష్ ఒక్కడే ఉన్నాడు. కాగితం బల్ల మీద పెట్టాను.

వాడు చదివాడు. షట్టరు సగం దించి వచ్చి కూర్చున్నాడు.

"టార్గెట్ అక్కా," అన్నాడు. "నెలకు ముప్పై సిమ్ములు ఆన్ చేయాల. చేయకపోతే కమీషను రాదు, కొట్టు తీసేస్తారు. ఒకడొచ్చి ఆన్ చేసినవి గంపగుత్తగా కొంటానన్నాడు. మార్కాపురంలో ఒక లాడ్జీలో దిగినాడు. వాడెవుడో, యాడోడో కూడా నాకు తెలీదు."

"దేనికని అడగలేదా?"

"ఏదో యాపులకంట. ఓటీపీలకంట. అడగలేదు."

"నన్ను ఎందుకు పెట్టావురా?"

వాడు తల వంచుకున్నాడు. సున్నా వచ్చిన పేపరు తెచ్చినప్పుడు కూడా అట్లాగే వంచుకునేవాడు.

"పరాయోళ్ళతో రెండోసారి పెట్టమంటేనే అనుమానంగా చూస్తారక్కా. నువ్వైతే ఎన్నిసార్లు పెట్టమన్నా అడగవు."

నాకు కోపం రావాలి. ఎదురుచూశాను. రాలేదు. గోడకు బల్లి ఉంది. దాన్ని చూశాను.

ఆ పిల్ల గురించి చెప్పాను. రోజీ చెప్పిన మాటలన్నీ చెప్పాను, ఒక్కటి వదలకుండా. పాస్టరుగారి సంగతి కూడా.

"నేను పంపలేదు కదక్కా ఫోటోలు," అన్నాడు.

"నేను కూడా పంపలేదు."

"పోలీసోళ్ళకు చెప్తావా?"

లేచాను.

"అక్కా, సుస్మితకు ఐదో నెల."

ఆ సంగతి నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

సెప్టెంబరు 3

చెప్పను.

సెప్టెంబరు 4

చెబితే ఆ ఫోటోలు వెనక్కి రావు. ఆ పిల్ల మాట్లాడుతుందని నమ్మకమూ లేదు. సతీష్ ఒక్కడే పోతాడు. లాడ్జీలో దిగినవాడు దొరకడు. కాబట్టి చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే.

సెప్టెంబరు 5

చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే అయితే చెప్పడానికేం?

సెప్టెంబరు 8, సోమవారం

పొద్దున ఆయనతో చెప్పాను. టైర్లకు గాలి చూసుకుంటున్నారు.

"నేను స్టేషన్‌కి పోతాను."

ఆయన లేవలేదు. "తమ్ముడే నీకు. నువ్వే సాకితివి. ఊళ్ళో ఏమంటారో తెలుసు కదా?"

"తెలుసు."

"మరి?"

"ఆమె నా మొహం చూడడానికి దొనకొండ నుంచి వచ్చింది."

కొంతసేపటికి చేతులు తుడుచుకుని, "పద, దింపుతా" అన్నారు.

ప్రభాకరరావు గారికి కాగితం ఇచ్చాను. మార్చి పదకొండున ఎక్కడ ఉన్నానో, ఎవరు ఎన్నిసార్లు పెట్టించారో చెప్పాను. ఆయన మధ్యలో ఆపలేదు. అంతా రాసుకున్నాక, "ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు.

"తమ్ముడు సార్."

"ఊ."

తరువాత బీరువాలో నుంచి ఒక కాగితం తీశారు. అప్పటికే ఆ కొట్టు మీద వాళ్ళకు అనుమానం ఉందట. అక్కడ ఆన్ చేసిన సిమ్ములన్నీ కంపెనీల దగ్గర నుంచి తెప్పించారట. రెండు పేజీలు. పేర్లు, నంబర్లు, తేదీలు.

"ఇందులో నీకు తెలిసినోళ్ళు ఎవురన్నా ఉన్నారేమో చూడు."

చూశాను. నా పేరు తొమ్మిదిసార్లు. సుస్మిత పేరు ఆరుసార్లు. తెలియని పేర్లు చాలా ఉన్నాయి. రెండో పేజీలో లింగయ్య.

"ఈ లింగయ్య ఎవురు?"

"మా నాయన."

"ఏమన్నా చదువుకున్నాడా? ఏం చేస్తాడు?"

"ఏప్రిల్ ఆరున చనిపోయాడు సార్."

ఆయన పెన్ను కింద పెట్టారు. "ఫిబ్రవరి ఇరవైన మూడు తీసినారు ఈయన పేరు మీద. రెండు కట్టయినాయి. ఒకటి నడస్తానే ఉంది."

సాక్షిగా ఆ పేజీ కింద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. పెట్టేటప్పుడు నడుస్తున్న ఆ నంబరు చదివాను. పిల్లల బరువులు, కొలతలు రోజూ రాసేదాన్ని. అంకెలు ఒకసారి చూస్తే ఉండిపోతాయి.

సెప్టెంబరు 9

నాయన పలకల గనిలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. రాతిని పొరలు పొరలుగా చీల్చేవాడు. వేళ్ళ మీద గీతలన్నీ అరిగి నున్నగా అయిపోయాయి. రేషన్ దగ్గర ఆయన వేలు ఎప్పుడూ పడేది కాదు. కంటి మిషన్ తెచ్చేదాకా ఎండలో నిలబడేవాడు. "నా వేలును రాయి తినేసినాది నాయనా" అని డీలరుతో అనేవాడు.

ఊపిరితిత్తులు చెడిపోయి మంచాన పడ్డాక నాలుగు నెలలు పని లేదు. ఫిబ్రవరిలో ఆసుపత్రిలో ఒకరోజు నేను ఆయన చేతులకు నూనె రాస్తుంటే గీతలు కనబడ్డాయి. సన్నగా, పసిపిల్లల వేళ్ళ మీద ఉన్నట్టు. నాయనకు చూపించాను. వెలుతురు వైపు తిప్పి చూసుకున్నాడు.

ఆ సాయంత్రమే సతీష్ వచ్చాడు. జేబులో చిన్న మిషను. "పింఛను ఆగిపోకుండా వేలు పెట్టించాలక్కా, కొంచెం చెయ్యి పట్టుకో" అన్నాడు. నాయన చెయ్యి వణికేది. మణికట్టు దగ్గర పట్టుకుని, బొటనవేలు నేనే ఆనించాను.

"పడింది నాయనా! పడింది!" అన్నాడు సతీష్.

నాయన నవ్వాడు. అన్ని రోజుల తరువాత నవ్వడం అదే.

మళ్ళీ పెట్టించాడు. మళ్ళీ పెట్టించాడు. మూడుసార్లూ నేనే పట్టుకున్నాను.

సెప్టెంబరు 10

సెంటర్‌కి వెళ్ళాను. తూకం రోజు. పదమూడు మంది.

సెప్టెంబరు 16, మంగళవారం

సతీష్‌ను తీసుకుపోయారు. కొట్టుకు సీలు వేశారు. గిద్దలూరు నుంచి తెలిసినవాళ్ళు ఫోన్ చేసి చెప్పారు. నేను పప్పు నానబెట్టి ఉన్నాను. రుబ్బాను.

సెప్టెంబరు 18, గురువారం

సుస్మిత వచ్చింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. ఊరు కూడా అట్లాగే అనుకుంది. పక్కింటివాళ్ళు గోడ మీద నుంచి చూశారు.

లోపలికి వచ్చి నేల మీదే కూర్చుంది. కడుపు కొంచెం తెలుస్తోంది.

"వదినా, నా పేరు మీద ఆరంట. నిజమేనా?"

"నిజమే. చూశాను."

"పెండ్లయిన కొత్తలో కొట్లో కూర్చోబెట్టుకుని ఫోటో తీసినాడు. వేలు పెట్టు, నీకు మంచి నంబరు తీస్తా అన్నాడు. నేను సంబరపడినా." కొంగుతో మొహం తుడుచుకుంది. "నా మీదికి కూడా ఎవురన్నా వస్తారా వదినా? ఎవురి పిల్లకన్నా ఏమన్నా అయిందా?"

"తెలియదు."

ఆమె ఫోన్ తీసుకుని చూశాను. ఆరింటిలో ఆమె వాడేది ఒకటే. మిగతా అయిదూ నేను నొక్కలేదు. స్క్రీన్ ఫోటో తీసి, ముందు స్టేషన్‌లో చూపించి తరువాతే తీయించుకోమని చెప్పాను. వేలిముద్రలకు తాళం ఎట్లా వేయాలో చేసి చూపించాను. అంతా చూసింది.

"ఆయనకు అన్నం ఎవురు పెడతారో" అంది.

ఇద్దరం అన్నం తిన్నాం. బస్సు ఎక్కించి వచ్చాను. వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. వదలడానికి కొంచెం సేపు పట్టింది.

సెప్టెంబరు 21

తమ్ముణ్ణి పట్టిచ్చినామె అంటున్నారు. బోరింగు దగ్గర నేను వస్తే మాటలు ఆగుతున్నాయి. మానేసిన ఇద్దరు పిల్లలు మాత్రం మళ్ళీ వస్తున్నారు. వాళ్ళ తల్లులే తెచ్చి వదిలారు. ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

సెప్టెంబరు 27, శనివారం

దొనకొండ వెళ్ళాను. రైల్లో. స్టేషన్ నుంచి అడుగుతూ వెళితే మిషను చప్పుడు వినబడింది.

రోజీ నన్ను చూసి మిషను ఆపింది. లోపలికి రమ్మనలేదు. పొమ్మనలేదు. గుమ్మంలోనే నిలబడి చెప్పాను.

"నా తమ్ముడమ్మా. నా తమ్ముడే నా వేలు పెట్టించి అమ్మాడు. మీరు వచ్చిన రోజు నాకు తెలుసు. తెలియదని అబద్ధం చెప్పాను."

"స్టేషన్లో చెప్పినారు," అంది. "నువ్వే వచ్చి చెప్పినావంట."

"ఆలస్యంగా చెప్పాను."

"ఆలస్యమే," అంది.

లోపల గదికి తలుపు లేదు, దుప్పటి వేలాడదీశారు. దాని వెనక ఎవరో కదిలారు. నేను అటు చూడలేదు. రోజీ కూడా చూడలేదు. దుప్పటి వెనక నుంచి సన్నగా గొంతు వచ్చింది.

"అమ్మా, ఎవురు?"

రోజీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరువాత మామూలు గొంతుతో, "ఎవురో టీచరమ్మలే. మనూరు కాదు" అంది.

నాకు కుర్చీ వేసింది. కూర్చున్నాను. టీ ఇచ్చింది. తాగాను. నాలుగు గంటల రైలుకి వచ్చేశాను.

అక్టోబరు 1

సతీష్‌కి బెయిల్ వచ్చింది. ఆయన వెళ్ళి ఇంటి దగ్గర దింపి వచ్చారు. "ఏమన్నాడు?" అని అడిగాను. "బక్కపడినాడు" అన్నారు.

లాడ్జీలో దిగినవాడు దొరకలేదు.

అక్టోబరు 3, శుక్రవారం

ఈ రోజు మధ్యాహ్నం సెంటర్‌లో పిల్లలు పడుకున్నాక నాయన పేరు మీద ఉన్న ఆ నంబరుకి ఫోన్ చేశాను. ఎందుకు చేశానో రాయడం లేదు, తెలియదు కాబట్టి.

మోగింది. నాలుగుసార్లు మోగాక ఎత్తారు. మగ గొంతు. హిందీలో ఏదో అన్నాడు. వెనకాల చాలామంది మాట్లాడుతున్నారు, ఆఫీసులో మాదిరి.

ఎవరు నువ్వు, ఎక్కడివాడివి, ఎవరి నంబరు నుంచి మాట్లాడుతున్నావు అని అడగాలి. నోరు తెరిచాను.

"నాయనా," అని వచ్చింది.

వాడు "హలో? హలో?" అని పెట్టేశాడు.

నాయన సొంత నంబరు రీఛార్జి లేక మే నెలలోనే పోయింది. ఇప్పుడు ఆయన పేరు మీద ఉన్నది ఇదొక్కటే.

పిల్లలు లేచేదాకా కూర్చున్నాను. వీరమ్మ చూసింది. పక్కన వచ్చి కూర్చుని, చాట ముందు పెట్టుకుని బియ్యం ఏరింది.

అక్టోబరు 4, శనివారం

స్టేషన్‌కి వెళ్ళాను. ఆ నంబరు ఇంకా నడుస్తోందని, ఎత్తుతున్నారని చెప్పాను. ప్రభాకరరావు గారు ఇంకెప్పుడూ అట్లా చేయొద్దని కోప్పడ్డారు. అది కంపెనీకి ఇదివరకే రాశారట. వారసుల అర్జీ, డెత్ సర్టిఫికెట్ ఉంటే తొందరగా అవుతుందన్నారు.

అక్కడే బల్ల మీద అర్జీ రాశాను. నాయన డెత్ సర్టిఫికెట్ జిరాక్స్ మీద అడ్డంగా 'ఈ సిమ్ రద్దు కోసం మాత్రమే' అని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాను.

"ఇంటిపేరు కూడా రాయమ్మా," అన్నారు.

రాశాను.

అక్టోబరు 9, గురువారం

సాయంత్రం మళ్ళీ చేశాను.

మోగలేదు. ఈ నంబరు ప్రస్తుతం ఉపయోగంలో లేదని ఒక ఆడ గొంతు చెప్పింది. తెలుగులో రెండుసార్లు, తరువాత ఇంగ్లీషులో. మొత్తం విన్నాను. అయిపోయాక ఫోన్ దానంతట అదే కట్టయింది.

బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.